పత్రం వెనుక పత్రం



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరున నడుస్తోందో ఆ మాస్టారి గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. ఆయన శిష్యుల ముందు ఆయన గుణగణాలు వర్ణించే సాహసం చెయ్యను. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. విద్యార్థి తెచ్చిన వ్యాసాన్ని ఆయన చివరి పేజీ నుంచి చదివేవారు. ముందు ఉపయుక్త గ్రంథాల పట్టిక, తర్వాత కృతజ్ఞతలు, ఆ తర్వాతే అసలు విషయం. మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా ఆ మాట విలువ కట్టడం ఆయనకు గిట్టేది కాదు. ఆయనకు నచ్చుతుందనుకున్న విషయమే ఎంచుకున్నాను: జర్నల్‌కు పేపర్ పంపేటప్పుడు, అదే పేపర్ అంతకుముందు ప్రీప్రింట్‌గా బయటికొచ్చి ఉంటే ఆ సంగతి చెప్పడం గురించి. ఇంత చిన్న విషయం మీద గంటసేపు ఏం మాట్లాడతారని నిర్వాహకులు నన్ను అడగలేదు. మర్యాదస్తులు.

ప్రీప్రింట్ అంటే ఏమిటో ఈ సభలో సగం మందికి చెప్పనక్కర్లేదు. మిగతా సగం కోసం ఒక్క మాట. పరిశోధన పూర్తయి, పేపర్ రాయడం అయ్యాక, జర్నల్ సమీక్షకులు దాన్ని చూడకముందే అందరికీ కనిపించేలా ఒక సర్వర్‌లో పెడతారు. దాని మీద తేదీ పడుతుంది, డీఓఐ అనే శాశ్వతంగా ఉండే సంఖ్య ఒకటి వస్తుంది, ఎవరైనా పైసా కట్టకుండా చదువుకోవచ్చు. భౌతిక, గణిత శాస్త్రాలకు ఆర్కైవ్, జీవశాస్త్రానికి బయోఆర్కైవ్, వైద్యానికి మెడ్‌ఆర్కైవ్, రసాయన శాస్త్రానికి కెమ్‌ఆర్కైవ్, సామాజిక శాస్త్రాలకు ఎస్ఎస్ఆర్ఎన్. 2019లో మన దేశం పేరుతో ఇండియాఆర్కైవ్ కూడా మొదలైంది.

పెట్టడం వరకూ కుర్రవాళ్లకు ఉత్సాహమే. జర్నల్‌కు పంపే రోజున వస్తుంది చిక్కు. "సార్, ప్రీప్రింట్ ఉందని చెప్పాలా? చెబితే ముందే అచ్చయిందని తిప్పి పంపుతారేమో?" ఈ ప్రశ్న నన్ను అడగని పరిశోధక విద్యార్థి తక్కువ. అడిగేవాళ్లతో బాధ లేదు. అడక్కుండా తమకు తోచిన ఉపాయం చేసేవాళ్లతోనే బాధ. కొందరు ఆ సంగతే ఎత్తరు. కొందరు శీర్షిక మార్చేస్తారు. కొందరు రచయితల పేర్ల వరస మారుస్తారు. ఇంకొందరు జర్నల్‌కు పంపే ముందు రోజు ప్రీప్రింట్‌ను తీసేయబోయి, అది పూర్తిగా పోదని అప్పుడు తెలుసుకుంటారు. వీళ్లెవరూ మోసగాళ్లు కారు. భయస్తులు. ఆ భయం గాలిలోంచి రాలేదు, దానికి అరవై ఏళ్ల చరిత్ర ఉంది.

అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ 1961లో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ఒకే రంగంలో పనిచేసే జీవశాస్త్రజ్ఞులను బృందాలుగా చేర్చి, ఒకరు రాసిన ముసాయిదా పేపర్‌ను ప్రతులు తీసి బృందంలో అందరికీ తపాలాలో పంపడం ఆ పని. సమాచార వినిమయ బృందాలని పేరు. 3,600 మందికి పైగా చేరారు. 2,500కు పైగా పత్రాలు అలా చేతులు మారాయి. జర్నళ్ల సంపాదకులకు ఇది నచ్చలేదు. ఈ బృందాల్లో తిరిగిన పేపర్లను మేం వేసుకోం అని తేల్చిచెప్పారు. 1967కల్లా ఆ ఏర్పాటు మూతపడింది. అది విఫలమై మూతపడలేదు, బాగా నడుస్తుండగానే మూతపడింది. జీవశాస్త్రంలో మళ్లీ అలాంటిది నిలదొక్కుకోవడానికి 2013 నవంబరులో బయోఆర్కైవ్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

ఆ బృందాలు మూతపడిన రెండేళ్లకు, 1969లో, న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ సంపాదకుడు ఫ్రాంజ్ ఇంగెల్‌ఫింగర్ తన పత్రికకు ఒక నియమం పెట్టాడు. పేపర్‌లోని సారం మరెక్కడైనా అచ్చయినా, పత్రికల వాళ్లకు ముందే ఇచ్చేసినా తాము పరిశీలించబోమన్నాడు. ఇంగెల్‌ఫింగర్ నియమం అని వైద్య ప్రచురణ రంగంలో ఇప్పటికీ దానికి ఆయన పేరే. పత్రికకు కొత్తదనం కావాలన్న ఆశ అందులో ఉంది, సమీక్ష కాని వైద్య సమాచారం రోగుల దాకా పోకూడదన్న జాగ్రత్తా ఉంది. ఏది ఎంత పాళ్లు అని తూచడం కష్టం. ఏమైనా ఎన్నో పత్రికలు ఆ దారినే నడిచాయి. గైడు నుంచి శిష్యుడికి, శిష్యుడు గైడయ్యాక అతని శిష్యుడికి ఆ భయం వారసత్వంగా దిగివచ్చింది. నియమాలు మారినా భయం మారలేదు.

భౌతిక శాస్త్రజ్ఞుల సంసారం వేరుగా సాగింది. వాళ్లు ముసాయిదాలను తపాలాలో పంచుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే. స్టాన్‌ఫర్డ్‌లోని స్లాక్ ప్రయోగశాల గ్రంథాలయం 1969 నుంచి కొత్త ప్రీప్రింట్ల జాబితాను వారం వారం అచ్చువేసి పంపేది. ఆ జాబితాలో ఒక భాగానికి యాంటీ-ప్రీప్రింట్లు అని చమత్కారంగా పేరు పెట్టారు. ఏ ప్రీప్రింట్ ఏ జర్నల్‌లో అచ్చయిందో అందులో చెప్పేవారు. నాకు ఆ గ్రంథాలయం వాళ్లంటే గౌరవం. తొలి రూపాన్నీ తుది రూపాన్నీ ముడివేసి చూపించే పని కంప్యూటర్లు ఊరూరా లేని రోజుల్లోనే వాళ్లు శ్రద్ధగా చేశారు. 1991 ఆగస్టులో పాల్ గిన్స్‌పార్గ్ లాస్ అలమాస్‌లో ఆర్కైవ్‌ను మొదలుపెట్టేనాటికి ఆ రంగంలో ప్రీప్రింట్ దాచుకోవాల్సిన వస్తువే కాదు.

వైద్యరంగంలో మాత్రం కోవిడ్ వచ్చి తలుపులు తెరిచింది. డెక్సామెథసోన్ అనే చౌక మందు ఆక్సిజన్ మీద ఉన్న కోవిడ్ రోగుల ప్రాణాలు కాపాడుతోందని బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ 2020 జూన్ 16న ప్రకటించింది. జూన్ 22న ఆ వివరాలు మెడ్‌ఆర్కైవ్‌లో ప్రీప్రింట్‌గా వచ్చాయి. జూలై 17న అదే అధ్యయనాన్ని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. అవును, ఇంగెల్‌ఫింగర్ కూర్చున్న కుర్చీ ఉన్న పత్రికే. ఈ-లైఫ్ అనే జర్నల్ ఇంకో అడుగు వేసి, 2021 జూలై నుంచి ప్రీప్రింట్‌గా అందుబాటులో ఉన్న పేపర్లను మాత్రమే సమీక్షకు తీసుకుంటామంది. ప్రీప్రింట్ ఉంటే పేపర్ పనికిరాదన్న కాలం నుంచి, ప్రీప్రింట్ లేకపోతే పేపర్ చూడమన్న కాలానికి వచ్చాం.

అలాగని చెప్పాల్సిన బాధ్యత తగ్గిందనుకుంటే పొరపాటు. నా లెక్కలో అది పెరిగింది. వెనకటి రోజుల్లో ప్రీప్రింట్ సంగతి చెప్పడం నేరం ఒప్పుకోవడంలా ఉండేది. ఇప్పుడది పేపర్ పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం. మన ఊళ్లలో పొలం కొనేవాడు ముందుగా అడిగేది లింకు డాక్యుమెంట్లు. ఈ భూమి ఎవరి నుంచి ఎవరికి, ఏ తేదీన, ఏ హద్దులతో వచ్చిందో చూపించే కాగితాల వరస. లింకు డాక్యుమెంట్లు ఉన్నందుకు అమ్మేవాడెవడూ సిగ్గుపడడు, అవి లేకపోతేనే బేరం చెడుతుంది. ప్రీప్రింట్ ఆ వరసలో మొదటి కాగితం.

ఆ వరస ఎందుకు అవసరమో చెప్పడానికి మన దేశపు ఉదాహరణే ఉంది. 2002 ఆగస్టు మొదటివారంలో ఐఐటీ కాన్పూర్ ఆచార్యుడు మణీంద్ర అగ్రవాల్, అప్పుడే బీటెక్ ముగించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి ఒక చిన్న పత్రాన్ని బయటపెట్టారు. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అన్నది, సంఖ్య ఎంత పెద్దదైనా, అంకెల పొడవుతో పోలిస్తే మరీ విపరీతంగా పెరగని సమయంలో, అదృష్టం మీద ఆధారపడకుండా తేల్చవచ్చని అందులో నిరూపించారు. శతాబ్దాలుగా గణితజ్ఞులను వేధించిన ప్రశ్న అది. కొద్ది రోజుల్లోనే ప్రపంచమంతా దాన్ని చదివింది. అదే పేపర్ 2004లో ఆనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్‌లో అచ్చయింది. గణితంలో దానికి మించిన పత్రిక లేదు.

2002 పత్రమూ 2004 పత్రమూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే శీర్షిక, ఒకే ముగ్గురు రచయితలు, ఒకే సిద్ధాంతం. నిరూపణ మాత్రం ఒకటి కాదు. తొలి రూపంలో సమయపు అంచనా కోసం సంఖ్యా సిద్ధాంతంలోని బరువైన ఫలితమొకటి ఆసరాగా కావాల్సి వచ్చింది. అలా వచ్చిన అంచనాలో ఘాతాంకం 12. పత్రం అందరి కళ్లలో పడ్డాక హెండ్రిక్ లెన్‌స్ట్రా అనే గణితజ్ఞుడు ఒక మెరుగుదల సూచించాడు. దాంతో ఆ బరువైన ఆసరా అక్కర్లేకుండానే ఘాతాంకం 10.5కు దిగింది. అచ్చయిన పేపర్‌లో లెన్‌స్ట్రా పేరు చెప్పి మరీ ఆ మెరుగుదలను చేర్చారు. ప్రీప్రింట్ చేసిన మేలు ఇది. ఇప్పుడు ఎవరైనా తొలి రూపాన్ని మాత్రమే చదివి 12 అని ఉటంకిస్తే తప్పు వాళ్లదా? రెండు రూపాలూ ఉన్నాయని, రెండింటికీ తేడా ఉందని ఎక్కడో ఒకచోట రాసి ఉంటేనే కదా చదివేవాడికి తెలిసేది.

గణితంలో 12కీ 10.5కీ తేడా వల్ల ఎవరి ప్రాణమూ పోదు. వైద్యంలో అలా కాదు. ఒక మందు మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ పోగేసి లెక్కకట్టేవాళ్లు ఉంటారు. ఒక ప్రీప్రింట్‌లో 200 మంది రోగులున్నారనుకోండి. ఆరు నెలల తర్వాత శీర్షిక మారి, రచయితల వరస మారి అదే అధ్యయనం జర్నల్‌లో వస్తుంది. రెండింటికీ ముడి కనిపించకపోతే ఆ లెక్క కట్టేవాడు 400 మంది అనుకుంటాడు. లేని 200 మంది రోగులు పుట్టుకొస్తారు. శీర్షిక మార్చడం చిన్న ఉపాయమే కదా అనుకునే విద్యార్థి ఇంత దూరం ఆలోచించి ఉండడు. బయోఆర్కైవ్ వంటి సర్వర్లు అచ్చయిన పేపర్‌ను శీర్షికనూ రచయితల పేర్లనూ బట్టి వెతికి, ప్రీప్రింట్‌కు తమంతట తామే ముడివేస్తాయి. ఆ రెండూ మార్చేస్తే ఆ యంత్రం కూడా ఏమీ చెయ్యలేదు.

తేదీ విషయం ఒకటుంది. భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి జీవకణాలకు శక్తినిచ్చే ఏటీపీని కనుక్కున్నాడు. వాళ్ల పేపర్ 1929 అక్టోబరులో సైన్స్ పత్రికలో వచ్చింది. జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా కనుక్కుని ప్రకటించినది అదే ఏడాది ఆగస్టులో. ఎవరికి వారుగా చేసిన పనే అయినా పుస్తకాల్లో లోమన్ పేరు ముందుంటుంది. రెండు నెలల అచ్చు తేడా అంత పని చేస్తుంది. ఇవాళ ప్రీప్రింట్ పెట్టేవాళ్లు చాలామంది ఆ తేదీ కోసమే పెడతారు, అందులో తప్పు లేదు. తేదీ కావాలి, ఆ తేదీ మోసిన పత్రం సంగతి మాత్రం జర్నల్‌కు చెప్పను అంటే ఎలా? దాచినవాడు ఆ తేదీని కూడా వదులుకున్నట్టే.

ఇక మన విశ్వవిద్యాలయాల్లో అందరికీ తెలిసిన గొడవ, సిమిలారిటీ రిపోర్టు, అంటే పేపర్ ఇదివరకటి రచనలతో ఎంత శాతం పోలుతోందో సాఫ్ట్‌వేర్ ఇచ్చే లెక్క. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం 10 శాతం లోపు పోలికకు శిక్ష లేదు. 10 నుంచి 40, 40 నుంచి 60, ఆ పైన అని మెట్లున్నాయి, మెట్టు పెరిగేకొద్దీ శిక్ష పెరుగుతుంది. ప్రీప్రింట్ పెట్టి, అదే పేపర్ జర్నల్‌కు పంపితే ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎంత వస్తుందో చెప్పక్కర్లేదు. నూటికి దగ్గర్లో వస్తుంది, రావాలి కూడా, రెండూ ఒకటే గనక. ముందే చెప్పి ఉంటే ఎడిటర్ ఆ ఒక్క మూలాన్ని పక్కనపెట్టి మళ్లీ లెక్క చూస్తాడు. చెప్పకపోతే వివరణ అడిగే ఓపిక కూడా లేకుండా తిప్పి పంపుతాడు. 2020 ఏప్రిల్‌లో యూజీసీ సొంత రచనల పునర్వినియోగం గురించి కూడా ఒక ప్రకటన ఇచ్చింది: తన పాత రచనే అయినా మూలం చెప్పకుండా మళ్లీ వాడటం ఒప్పుకోదగ్గది కాదన్నది దాని సారం. మన థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో ఉన్న థీసిస్ నుంచి పేపర్ తీసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఫలానా అధ్యాయం నుంచి తీసింది అని ఒక వాక్యం రాస్తే చాలు.

తీసేస్తే పోతుందన్న నమ్మకం గురించి కూడా చెప్పాలి. 2020 జనవరి 31న ఢిల్లీకి చెందిన పరిశోధకుల ప్రీప్రింట్ ఒకటి బయోఆర్కైవ్‌లో వచ్చింది. కొత్త కరోనా వైరస్‌లోని కొన్ని తునకలకు హెచ్ఐవీతో పోలికలున్నాయని అందులో రాశారు. ప్రపంచం నలుమూలల నుంచీ శాస్త్రజ్ఞులు ఆ వాదనలోని లోపాలు ఎత్తిచూపారు. రచయితలే రెండు రోజుల్లో దాన్ని ఉపసంహరించుకున్నారు. అది మెచ్చుకోదగ్గ పనే. అయినా ఉపసంహరించుకున్నట్టు నోటీసుతో పాటు ఆ పత్రం ఇప్పటికీ అక్కడే ఉంది. ఆర్కైవ్‌లోనూ అంతే, పాత వెర్షన్లు చెరిగిపోవు. అది లోపం కాదు, ఆ సర్వర్ల పునాదే అది. వెనక్కి తీసుకున్న ప్రీప్రింట్‌నైనా సరే జర్నల్‌కు చెప్పాలి, ఎందుకు తీసుకున్నారో కూడా చెప్పాలి.

ఒక్క చోట మాత్రం సమస్యకు సులువైన జవాబు లేదు. సమీక్షకుడికి రచయిత పేరు తెలియకుండా నడిపే జర్నళ్లు, సదస్సులు ఉన్నాయి. పేరున్న సంస్థ వాళ్లకు ఒక తూకం, జిల్లా కాలేజీ వాళ్లకు ఒక తూకం పడకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. మన పిల్లలకు దాని విలువ ఇంకా బాగా తెలుసు. ప్రీప్రింట్ మీద పేర్లు బాహాటంగా ఉంటాయి. శీర్షిక పెట్టి వెతికితే సమీక్షకుడికి క్షణంలో దొరుకుతుంది. కంప్యూటర్ భాషాశాస్త్రంలో ప్రధాన సంఘమైన ఏసీఎల్ దీనికి విరుగుడుగా, గడువు తేదీకి నెల ముందు నుంచి ఫలితం వచ్చేదాకా ప్రీప్రింట్ పెట్టకూడదని నియమం పెట్టుకుంది. కొన్నేళ్లు నడిపి 2024 జనవరిలో ఎత్తేసింది. కొత్త పరిశోధకులకు ఆ నిరీక్షణే నష్టం చేస్తోందన్న వాదనకు బలం పెరిగింది. నా అభిప్రాయం ఇది: సమీక్షకుడికి చెప్పకపోవడం వేరు, ఎడిటర్‌కు చెప్పకపోవడం వేరు. పేపర్‌లో పేరు బయటపడే వాక్యం రాయవద్దు. ఎడిటర్‌కు రాసే కవర్ లెటర్‌లో మాత్రం నిస్సంకోచంగా రాయండి. సమీక్షకుడి దాకా పోవాలో వద్దో నిర్ణయించడం ఆయన పని.

కవర్ లెటర్‌లో ఏం రాయాలని అడుగుతారు. పెద్ద కథ అక్కర్లేదు. "ఈ పేపర్ తొలి రూపాన్ని ఫలానా సర్వర్‌లో ఫలానా తేదీన ఉంచాం. దాని డీఓఐ ఇది, ఇచ్చిన లైసెన్సు ఇది. ఆ రూపంతో పోలిస్తే ఇందులో రెండో ప్రయోగం కొత్తది, మూడో పట్టికలో లెక్క సరిదిద్దాం." ఇంతే. లైసెన్సు మాట మరచిపోకండి. ఎవరైనా వాడుకోవచ్చన్న ఉదార లైసెన్సు ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు. తర్వాత జర్నల్ హక్కులన్నీ తనకే రాసివ్వమంటే చిక్కు వస్తుంది. పేటెంటు ఆలోచన ఉన్నవాళ్లు ప్రీప్రింట్ పెట్టే ముందే ఆగి అడగాలి. మన చట్టంలో ముందే బయటపెట్టిన ఆవిష్కరణకు దొరికే మినహాయింపులు చాలా ఇరుకైనవి.

వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ సంఘం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. పేపర్ పంపకముందు పెట్టినా, సమీక్ష నడుస్తుండగా పెట్టినా ప్రీప్రింట్ సంగతి, దాని లింకు జర్నల్‌కు ఇవ్వాలంటుంది. పేపర్ అచ్చయ్యాక ప్రీప్రింట్ పేజీ నుంచి తుది రూపానికి దారి చూపించే బాధ్యత రచయితదేనంటుంది. సమీక్షకుల సూచనలతో దిద్దిన మధ్య రూపాలను సర్వర్‌లో పెట్టొద్దని కూడా చెబుతుంది. గణితం, భౌతిక శాస్త్రం వాళ్లు దీనికి సరిగ్గా ఎదురు చేస్తారు, సమీక్ష తర్వాత దిద్దిన రూపాన్ని వెంటనే ఆర్కైవ్‌లో ఎక్కిస్తారు. ఏ రంగంలో ఉన్నవాళ్లు ఆ రంగపు మర్యాద తెలుసుకోవాలి. ప్రీప్రింట్‌కు అసలే ఒప్పుకోని జర్నళ్లు కొన్ని ఇంకా ఉన్నాయి. అలాంటిదాన్ని మోసగించి పంపడం కంటే ఒప్పుకునేదాన్ని వెతుక్కోవడం నయం.

విద్యార్థులకు ఇంత చెప్పి మన జర్నళ్లను వదిలేస్తే న్యాయం కాదు. మన ప్రాంతం నుంచి వచ్చే జర్నళ్లలో చాలావాటి దరఖాస్తులో ఒకే ఒక ప్రతిజ్ఞ ఉంటుంది: ఈ పేపర్ మరెక్కడా ప్రచురితం కాలేదని ధ్రువీకరిస్తున్నాను. ప్రీప్రింట్ ప్రచురణ కిందికి వస్తుందా రాదా? నియమాల పేజీలో ఒక్క ముక్క ఉండదు. ఎడిటర్‌ను అడిగితే జవాబు రాదు. కుర్రవాడు ఆ గడిలో టిక్కు పెట్టాలా వద్దా అని రాత్రంతా ఆలోచించి, చివరికి పెట్టేస్తాడు. అలా అబద్ధం ఆడించింది ఎవరు?

ఈ వేదిక మీద సంపాదకులున్నారు, గైడులున్నారు, పరిశోధన విభాగం అధికారులున్నారు. వారికి నా విన్నపం. మీ జర్నల్ నియమాల్లో ప్రీప్రింట్ గురించి రెండు వాక్యాలు ఈ సంవత్సరంలోనే చేర్చండి. ఒప్పుకోనట్లయితే ఒప్పుకోమనైనా రాయండి. దరఖాస్తులో ఆ ప్రతిజ్ఞ కింద ఇంకో గడి పెట్టండి: ఈ పేపర్‌కు ప్రీప్రింట్ ఉందా, ఉంటే లింకు ఇవ్వండి అని. గైడులు కవర్ లెటర్ చదవకుండా పేపర్ పంపనివ్వకండి. విద్యార్థులారా, ఇప్పటికే ప్రీప్రింట్ సంగతి చెప్పకుండా పంపిన పేపర్ సమీక్షలో ఉంటే ఇవాళ రాత్రికే ఎడిటర్‌కు ఈమెయిల్ రాయండి. అచ్చు కాకముందు అందే ఆ ఉత్తరాన్ని చాలామంది ఎడిటర్లు మంచి మనసుతోనే తీసుకుంటారు.